తిమోతిని భయపెట్టకండి

కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక ముగింపులో అపొస్తలుడైన పౌలు ఒక చిన్న మనవి చేశాడు. సిలువను గురించి, ప్రేమను గురించి, పునరుత్థానాన్ని గురించి ఎంతో లోతుగా రాసిన పత్రిక అది. చివరి అధ్యాయంలో చందా పోగుచేసే పద్ధతి, తన ప్రయాణాల వివరాలు చెబుతూ మధ్యలో తిమోతి సంగతి ఎత్తాడు. అతడు వస్తే మీ మధ్య భయం లేకుండా ఉండేలా చూసుకోండి, ఎవరూ అతణ్ణి చిన్నచూపు చూడకండి, సమాధానంతో సాగనంపండి అన్నది ఆ మనవి సారాంశం (1 కొరింథీ 16:10,11).

చాలామంది ఈ రెండు వచనాలను చదువుతూ దాటి వెళ్లిపోతారు. కానీ యువజన కూడిక నడిపే బాధ్యత మొదటిసారి నెత్తిన పడిన యువకుడికి మాత్రం ఇవి తన గురించే రాసినట్టు అనిపిస్తాయి. తిమోతికి భయం ఉందన్న సంగతిని పౌలు దాచలేదు. అందుకు అతణ్ణి నిందించనూ లేదు. పిరికితనానికి చోటివ్వొద్దని తిమోతికి విడిగా ఉత్తరం రాశాడు. ఇక్కడ మాత్రం అతణ్ణి భయపెట్టొద్దని సంఘానికి రాశాడు. యువనాయకుల భయం గురించి ప్రసంగాలు చేసేటప్పుడు మొదటి ఉత్తరం మనకు గుర్తుంటుంది. రెండోది గుర్తుండదు.

మన ఊళ్లలోని తిమోతిలు

జగిత్యాల జిల్లా బుగ్గారం మొదలుకొని కోరుట్ల, సిరిసిల్ల దాకా పల్లెల్లో ఎన్నో ఇళ్ల కథ ఒకలాగే ఉంటుంది. దశాబ్దాలుగా ఇక్కడి మగవాళ్లు బతుకుతెరువు కోసం దుబాయ్, మస్కట్, సౌదీ బాట పట్టారు. ఇంటిదగ్గర తల్లి చాట ముందేసుకొని బీడీలు చుడుతూ పిల్లల్ని చదివిస్తుంది. అవ్వ వాళ్లను కనిపెట్టుకొని ఉంటుంది. పిల్లలకు తండ్రి అంటే ఫోనులో వినిపించే గొంతు, ఎప్పుడో సెలవు మీద వచ్చి మళ్లీ విమానమెక్కే మనిషి. సిరిసిల్లలో సాంచాల చప్పుడు మధ్య పెరిగే పిల్లలది మరో కథ. అక్కడ పని ఉంటే తండ్రికి విశ్రాంతి లేదు, పని లేకపోతే ఇంటికి నెమ్మది లేదు.

తిమోతి ఇల్లు కూడా ఇంచుమించు ఇలాంటిదే. లుస్త్ర ప్రాంతానికి చెందిన ఆ యువకుడి తండ్రి గ్రీసు దేశస్థుడని మాత్రమే బైబిల్ చెబుతుంది (అపొ. కార్య. 16:1). అతనికి విశ్వాసం నేర్పినవాళ్లుగా ఇద్దరు స్త్రీల పేర్లు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. ఒకరు అవ్వ లోయి, మరొకరు తల్లి యునీకే (2 తిమోతి 1:5). అతనికి తరచూ అనారోగ్యం, కడుపు జబ్బు (1 తిమోతి 5:23). వయసు చిన్నది. కన్నీళ్లు త్వరగా వచ్చే మనసు (2 తిమోతి 1:4). నాయకుడు ఎలా ఉండాలని మనం ఊహించుకుంటామో అలా లేడు. అయినా ఎఫెసులాంటి పెద్ద పట్టణంలోని సంఘ బాధ్యతను పౌలు అతనికే అప్పగించాడు.

మన యువజన నాయకులూ ఇలాంటి ఇళ్లనుంచే వస్తున్నారు. డిగ్రీ పూర్తిచేసి జగిత్యాలలో సెల్‌ఫోన్ దుకాణంలోనో, ప్రైవేటు బడిలోనో పనిచేసే అబ్బాయి. నర్సింగ్ చదివి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసే అమ్మాయి. ఆదివారం ఆరాధన ముగిశాక అయ్యగారు పిలిచి, 'ఈ ఏడాది యూత్ బాధ్యత నువ్వే చూసుకోవాలి' అంటారు. అందరూ చప్పట్లు కొడతారు. అందరూ ఇళ్లకు వెళ్లిపోయాక అతనికి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టదు.

అతని భయాలను తేలిగ్గా తీసుకోవద్దు. మైకు పట్టుకోగానే గొంతు తడారిపోవడం వాటిలో అన్నిటికన్నా చిన్నది. 'నిన్నమొన్నటి పిల్లగాడు మనకు చెప్పొచ్చాడు' అని ముందు వరుసలో పెద్దలు గుసగుసలాడతారేమోనన్న భయం ఉంటుంది. ఇంజనీరింగ్ చదివే కుర్రాడు లేచి తనకు జవాబు తెలియని ప్రశ్న అడిగితే ఏం చేయాలి? పుట్టి పెరిగిన ఊళ్లో తన పాత సంగతులన్నీ తెలిసినవాళ్ల ముందు పరిశుద్ధత గురించి ఏ ముఖంతో మాట్లాడాలి? పోయిన ఏడాది నలభైమంది వచ్చిన కూడికకు ఈసారి ఎనిమిదిమందే వస్తే అయ్యగారికి ఏం చెప్పాలి?

వీటన్నిటికన్నా బరువైనది మరొకటుంది. ఒక రాత్రి పదకొండు గంటలకు ఫోన్ మోగుతుంది. ఆన్‌లైన్ ఆటల్లో డబ్బు పోగొట్టుకొని, గల్ఫ్‌లో ఉన్న తండ్రికి చెప్పలేక, తల్లి ముఖం చూడలేక ఒక పందొమ్మిదేళ్ల కుర్రాడు, 'అన్నా, నాకు బతకాలని లేదు' అంటాడు. ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడితే ఏమవుతుందోనన్న భయం ఆ నాయకుణ్ణి ముందే పట్టుకొని ఉంటే, అతడు ఫోన్ ఎత్తకపోవచ్చు. అది మోగి మోగి ఆగిపోతుంది. యువనాయకుడి భయం అతని సొంత విషయమని వదిలేయకూడదు. దాని వెల ఒక్కోసారి ఇంకెవరో కట్టవలసి వస్తుంది.

దేవుడు వాళ్లతో ఏమన్నాడు?

బైబిల్లో దేవుడు పిలిచినవాళ్లలో వెంటనే సరేనన్నవాళ్లకన్నా జంకినవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. మోషే నోటి మాంద్యం సాకు చెప్పాడు. యిర్మీయా తాను బాలుణ్ణన్నాడు. గిద్యోను శత్రువులకు కనబడకుండా గానుగ చాటున గోధుమలు దుళ్లగొడుతూ ఉండగా దేవదూత వచ్చాడు.

వీళ్లకు దేవుడిచ్చిన జవాబుల్ని పక్కపక్కన పెట్టి చదవండి. నీకు శక్తి ఉంది, నువ్వు సమర్థుడివి, నీ మీద నీకు నమ్మకం ఉండాలి అని ఆయన వారిని ఉబ్బించలేదు. మోషేకు (నిర్గమ 3:12), గిద్యోనుకు (న్యాయాధి 6:16), యిర్మీయాకు (యిర్మీయా 1:8) ఆయన ఇచ్చిన వాగ్దానం ఒక్కటే. తాను తోడుగా ఉంటానన్నాడు. వాళ్ల బలహీనతను ఆయన కాదనలేదు. ఆ బలహీనత పక్కన తాను నిలబడ్డాడు.

అంతటితో ఆగలేదు. కంటికి కనిపించే తోడును కూడా ఇచ్చాడు. మాట రాదన్న మోషేకు అన్న అహరోనును జతచేశాడు. గిద్యోను సంగతి ఇంకా చిత్రం. యుద్ధానికి ముందు రాత్రి దేవుడు అతనితో, ఒక్కడివే శిబిరంలోకి దిగడానికి భయమైతే నీ పనివాడు పూరాను వెంట తీసుకెళ్లమన్నాడు (న్యాయాధి 7:10). మహా పరాక్రమవంతుడని పేరుపెట్టి పిలిచినవాడికి ఇంకా భయం ఉండవచ్చునని దేవుడికి తెలుసు. గిద్యోను తనకు భయం లేదని బుకాయించలేదు. పూరాను వెంటబెట్టుకొని వెళ్లాడు. ఆ రాత్రి విన్న మాటలే అతనికి ధైర్యమిచ్చాయి. యుద్ధ చరిత్రలో పూరా చేసిన పని ఇంకేమీ కనబడదు. భయపడుతున్నవాడి పక్కన నడిచాడు, అంతే. పరిశుద్ధ గ్రంథంలో అతని పేరు నిలిచిపోవడానికి అది చాలింది.

పౌలు కూడా దీనికి అతీతుడు కాదు. క్రీ.శ. 50 ప్రాంతంలో తాను మొదటిసారి కొరింథుకు వచ్చినప్పుడు బలహీనతతో, భయంతో, వణుకుతో ఉన్నానని ఆయనే ఒప్పుకున్నాడు (1 కొరింథీ 2:3). అప్పుడు ఆయనకు కలిగిన సహాయం చూడండి. మాసిదోనియ నుంచి సీలయు, తిమోతియు వచ్చి కలిశారు (అపొ. కార్య. 18:5). రాత్రివేళ ప్రభువు దర్శనమిచ్చి, తాను తోడున్నానని, ఆ పట్టణంలో తనకు చాలామంది జనం ఉన్నారని చెప్పాడు. అంటే పౌలు భయపడిన రోజుల్లో అతని పక్కకు వచ్చి నిలిచినవాళ్లలో తిమోతి ఒకడు. కొన్నేళ్లకు అదే కొరింథుకు తిమోతి వెళ్లవలసి వచ్చింది. ఆ ఊళ్లో నిలబడడం ఎంత కష్టమో పౌలుకు అనుభవం. అందుకే ఎఫెసు నుంచి ఆ మనవి రాశాడు. తనకు దొరికిన తోడు తిమోతికి కూడా దొరకాలని ఆయన కోరిక.

డోర్నకల్‌కు వచ్చిన యువజన కార్యదర్శి

తోడు ఎంత పని చేస్తుందో చెప్పే సాక్ష్యం బైబిల్ కాలంతో ఆగిపోలేదు. మన తెలంగాణ గడ్డ మీదే ఒకటుంది. దాని మూలాలు మాత్రం లండన్‌లో ఒక బట్టల దుకాణంలో ఉన్నాయి. అక్కడ పనిచేసే జార్జ్ విలియమ్స్ అనే 22 ఏళ్ల యువకుడు 1844 జూన్ 6న తోటి యువకులను కూడగట్టాడు. మొత్తం పన్నెండుమంది. పట్నానికి పని కోసం వచ్చి దారితప్పుతున్న యువకుల కోసం ప్రార్థించడానికి, బైబిల్ చదవడానికి వాళ్లు పెట్టుకున్న ఆ చిన్న కూటమే వై.ఎం.సి.ఎ. వాళ్లు బోధకులూ కాదు, ధనవంతులూ కాదు. బట్టల మధ్య పొద్దస్తమానం నిలబడి పనిచేసేవాళ్లు. సిరిసిల్లలో సాంచా మీద పనిచేసే యువకుడికి ఈ కథ పరాయిది కాదు.

అర్ధ శతాబ్దం గడిచాక, 1895లో, అదే వై.ఎం.సి.ఎ.లో 21 ఏళ్ల తమిళ యువకుడు కార్యదర్శిగా చేరాడు. పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై అనే పల్లెలో 1874 ఆగస్టు 17న ఒక పాదిరిగారి కుమారుడిగా పుట్టాడు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివాడు కానీ డిగ్రీ పట్టా చేతికి రాలేదు. పట్టా లేదని ఆగిపోకుండా యువకుల మధ్య పనిలో దిగాడు. ఆ పనిలో షెర్వుడ్ ఎడ్డీ అనే అమెరికన్ యువకుడు అతనికి స్నేహితుడయ్యాడు. తెల్లవాళ్లు, భారతీయులు ఒకరికొకరు దూరంగా మసలే ఆ రోజుల్లో ఈ ఇద్దరూ కలిసి ప్రయాణాలు చేశారు, కలిసి ప్రార్థించారు.

1903లో అజరయ్య, ఆయన సహచరులు తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీని ప్రారంభించారు. పనివాళ్లు మనవాళ్లే, డబ్బూ మనదే అన్నది దాని పద్ధతి. ఆ సొసైటీ ఎంచుకున్న పొలం నిజాం రాజ్యంలోని డోర్నకల్. ఇతరులను పంపుతూ తాను ఇంటిదగ్గర ఉండిపోవడం అజరయ్యకు సమ్మతం కాలేదు. పద్నాలుగేళ్లపాటు చేసిన యువజన పనిని, అందులో వచ్చిన గౌరవాన్ని వదిలి, 1909లో గురువుగా అభిషేకం పొంది డోర్నకల్ చేరాడు. అప్పటికి 35 ఏళ్లు. భాష కొత్త, మనుషులు కొత్త, ఊరు కొత్త. తెలుగు నేర్చుకొని పల్లె పల్లె తిరిగాడు. అంత ధైర్యం చేసినవాడు ఒంటరి కాదు. వెనక తిరునెల్వేలి సంఘాల ప్రార్థనలు, కానుకలు ఉన్నాయి. పక్కన భార్య అన్బు ఉంది.

మరుసటి ఏడాది, 1910లో, స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1200 మంది ప్రతినిధుల్లో ఆసియావాళ్లు ఇరవైమందికి లోపే. అజరయ్య ఆ సభలో నిలబడి, మిషనరీలకూ భారతీయ పనివాళ్లకూ మధ్య ఉన్న దూరాన్ని మొహమాటం లేకుండా ఎత్తిచూపాడు. మీ త్యాగాలకు మా సంఘం కృతజ్ఞత చెబుతూనే ఉంటుంది, కానీ మాకు స్నేహితులు కూడా కావాలని కోరాడు. తనకు మేలు చేసినవాళ్ల ముందు, వాళ్ల దేశంలో, వాళ్లకు నచ్చని మాట చెప్పడం మామూలు విషయం కాదు. ఆ మాటలో కోపం కన్నా ప్రేమే ఎక్కువ. ప్రేమ సంపూర్ణమైతే భయానికి చోటుండదని యోహాను రాసింది ఇందుకే (1 యోహాను 4:18). ఎదుటివాళ్లు నన్ను ఏమనుకుంటారో అన్న ఆలోచన కన్నా ఎదుటివాళ్లకు ఏది మేలు అన్న ఆలోచన పెద్దదైనప్పుడు నోరు తెరుచుకుంటుంది.

1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్య బిషప్‌గా ప్రతిష్ఠితుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా డోర్నకల్‌నే తన ఊరు చేసుకున్నాడు. తెలుగు పల్లెల్లో వేలాది కుటుంబాలు ఆయన కాలంలో ప్రభువును ఎరిగాయి. ఆ గొప్ప సేవకు పునాది, పట్టా లేని ఒక యువకుడు తోటి యువకుల మధ్య నడిపిన బైబిలు తరగతుల్లో ఉంది. అతని పక్కన నిలిచిన స్నేహితుల్లో ఉంది.

తమ్ముడూ, చెల్లెమ్మా...

యువజన బాధ్యత తీసుకొని లోలోపల వణుకుతున్న మీతో కొన్ని మాటలు. భయం పోయాక సేవ మొదలుపెడదామని ఎదురుచూడకండి. భయపడుతూనే నడిచినవాళ్ల చరిత్రే మన బైబిలు. కానీ ఒంటరిగా నడవకండి. ప్రభువు కూడా శిష్యులను ఇద్దరిద్దరిగా పంపాడు (మార్కు 6:7). మీ పూరా ఎవరో ఈ వారమే వెతుక్కోండి. 'నాకు భయంగా ఉంది' అని ఆ ఒక్కరి దగ్గర పైకి చెప్పండి. చెప్పిన భయం సగం తగ్గుతుంది. దాచిన భయం రెట్టింపవుతుంది.

పనిని పంచండి. అమెరికాలో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరు 1881 ఫిబ్రవరి 2న క్రిస్టియన్ ఎండీవర్ యువజన సంఘాన్ని ప్రారంభించాడు. మన తెలుగు సంఘాల్లో పెద్దవాళ్లు సి.ఇ. అని పిలిచేది దాన్నే. అందులో చేరిన ప్రతి సభ్యుడూ ప్రతి ప్రార్థన కూడికలో ఏదో ఒక చిన్న భాగం తీసుకోవాలన్నది నియమం. ఒకరు వాక్యం చదవాలి, ఒకరు రెండు మాటల ప్రార్థన చేయాలి, ఒకరు పాట ఎత్తుకోవాలి. అందరూ కొంచెం కొంచెం మోస్తే ఒక్కడి నడుము విరగదు. మాట్లాడడానికి జంకే పిల్లలకు కూడా అదే మొదటి మెట్టు అవుతుంది.

తెలియని ప్రశ్న ఎదురైతే, తెలియదు, తెలుసుకొని వచ్చే ఆదివారం చెబుతాను అనండి. అన్నట్టే చెప్పండి. అంతకన్నా ఎక్కువ జ్ఞానం మీ నుంచి ఎవరూ ఆశించరు.

ఎవరైనా చచ్చిపోవాలనుందని చెబితే, అది మీ ఇద్దరి మధ్య రహస్యంగా ఉంచొద్దు. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. వెంటనే అయ్యగారికి, ఇంట్లో నమ్మదగిన పెద్దకు తెలియజేయండి. వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ప్రార్థన చేయండి, ఫోనూ చేయండి. రెంటిలో ఏ ఒక్కటీ మరొకదానికి అడ్డు కాదు.

కొన్ని భయాలు మాత్రం ఉండాలి. సంఘం డబ్బు లెక్క విషయంలో భయం ఉండాలి. చిన్నపిల్లల భద్రత విషయంలో, ఆడపిల్లల గౌరవం విషయంలో భయం ఉండాలి. లెక్క ఇద్దరు రాయండి. పిల్లలతో ఉన్నప్పుడు మరో పెద్దమనిషి తోడుండేలా చూసుకోండి. ఇక్కడ కూడా కావలసింది తోడే.

సంఘ పెద్దలకు ఒక మనవి

పౌలు కొరింథు సంఘాన్ని అడిగింది మన సంఘాన్ని కూడా అడుగుతున్నాడు. మన యువనాయకులు ఎందుకు వెనకంజ వేస్తున్నారని ప్రశ్నించేముందు, వాళ్లు తడబడినప్పుడు మనం నవ్వామా, పక్కన నిలిచామా అని ఆలోచించాలి. బాధ్యత అప్పగించిన రోజు చప్పట్లు కొట్టడం తేలిక. మూడో నెలలో కూడిక పలచబడినప్పుడు వెళ్లి వెనక బెంచీలో కూర్చోవడం కష్టం. నాయకుడికి అవసరమైంది ఆ రెండోదే. లెక్కలు అడగండి, తప్పులు చెప్పండి. కానీ నలుగురి ముందు తిట్టకండి, పక్కకు పిలిచి చెప్పండి. తిమోతి అవ్వలాగా, తల్లిలాగా అతని పేరెత్తి రోజూ ప్రార్థించే ఇద్దరు ముగ్గురు సంఘంలో ఉంటే చాలు.

మధ్యలో వదిలేసి వెళ్లినవాళ్లుంటే? మార్కు అనే యోహాను పంఫూలియలో పౌలు బృందాన్ని విడిచి ఇంటికి వెళ్లిపోయాడు. రెండోసారి అతణ్ణి వెంట తీసుకెళ్లడానికి పౌలు ఒప్పుకోలేదు. బర్నబా మాత్రం అతణ్ణి వదల్లేదు. వెంటబెట్టుకొని కుప్రకు ఓడ ఎక్కాడు (అపొ. కార్య. 15:39). చాలా ఏళ్లకు, బంధకాల్లో ఉన్న పౌలు తన చివరి ఉత్తరంలో మార్కు తనకు ఎంతో ఉపయోగపడతాడని, అతణ్ణి తీసుకురమ్మని రాశాడు (2 తిమోతి 4:11). ఆ ఉత్తరం ఎవరికి రాశాడో గమనించారా? తిమోతికే! జంకే స్వభావమున్న ఒక యువకుడు, మధ్యలో వెనక్కి వెళ్లిపోయిన మరో యువకుణ్ణి వెంటబెట్టుకొని రావాలి. అప్పటికి తిమోతే మరొకరికి తోడుగా ఎదిగాడు.

పోయిన ఏడాది యువజన బాధ్యత వదిలేసి, ఇప్పుడు గుడిలో చివరి వరుసలో తలవంచుకొని కూర్చుంటున్న అబ్బాయి మీ సంఘంలోనూ ఉండవచ్చు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక అతని దగ్గరికి వెళ్లండి. 'ఎందుకు మానేశావు?' అని అడగొద్దు. 'వచ్చే కూడికకు ఇద్దరం కలిసి వెళ్దామా?' అని అడగండి.